హాన్స్ పీటర్ లూన్

హాన్స్ పీటర్ లూన్ (జూలై 1, 1896 - ఆగష్టు 19, 1964) జర్మనీలో జన్మించి అమెరికాలో స్థిరపడిన ఆవిష్కర్త. సమాచార శాస్త్రానికి ఆద్యులుగా భావించబడేవారిలో ఒకడు. ఐ.బి.ఎం. సంస్థలో 1941 నుండి 1961 వరకు పనిచేసాడు. 80కి పైగా పేటెంట్లు పొందాడు. క్రెడిట్ కార్డు సంఖ్యలలోని చివరి అంకెను నిర్ణయించే లూన్ సూత్రం ఈయన పేరు మీదనే ప్రసిద్ధమైనది. కంప్యూటరు జ్ఞాపకశక్తిలో ఒక పేరుకు సంబంధించిన వివరాన్ని వెదకకుండా నేరుగా చేరుకొనే హ్యాషింగ్ పద్ధతిని 1953 జనవరిలో మొట్టమొదట ప్రతిపాదించినది కూడా లూన్ అని కంప్యూటరు శాస్త్ర చరిత్ర చెబుతున్నది. నేటి వస్తుప్రధాన ప్రోగ్రామింగు భాషలలో విద్యార్థులు నిత్యం వాడే మ్యాప్, డిక్షనరీ వంటి నిర్మాణాలలో చాలావాటికి ఈ పద్ధతే పునాది.

బాల్యం, యుద్ధ కాలం

లూన్ జర్మనీలోని బార్మెన్ పట్టణంలో జన్మించాడు. వూపర్ నది లోయలోని ఈ పట్టణం అప్పట్లో నేత పరిశ్రమకు పెట్టింది పేరు. ఫ్రెడరిక్ ఏంగెల్స్ 1820లో జన్మించినది కూడా ఇక్కడే. 1929లో పరిసర పట్టణాలతో కలిసిపోయి బార్మెన్ నేటి వూపర్టాల్ నగరంలో భాగమయింది.

లూన్ తండ్రి ముద్రాపకుడు. అచ్చుపనిలో ఆరితేరినవాడు. కుమారుడు కూడా కుటుంబ వృత్తినే చేపట్టగలడనే ఉద్దేశంతో, పాఠశాల చదువు ముగిసిన తరువాత అతనిని అచ్చుపని నేర్చుకోవడానికి స్విట్జర్లాండుకు పంపారు. ఇంతలో మొదటి ప్రపంచ యుద్ధం రావడంతో ఆ శిక్షణ ఆగిపోయింది. లూన్ జర్మను సైన్యంలో వార్తా ప్రసార విభాగపు అధికారిగా పనిచేసాడు.

అక్షరాలను వరుసగా పేర్చి, పని ముగిసిన తరువాత వేటి అరలో వాటిని తిరిగి వేయడం అచ్చుపనిలో నిత్యకృత్యం. అచ్చుశాలలో పెరిగిన లూన్ తన జీవితపు ఉత్తరార్ధంలో చేపట్టిన సమస్య కూడా ఇటువంటిదే కావడం విశేషం. దేనిని ఏ అరలో వేయాలి, వేసినదానిని తిరిగి ఎలా చేరుకోవాలి అన్నదే ఆ సమస్య.

అమెరికా ప్రయాణం, లూనోమీటరు

యుద్ధానంతరం లూన్ వస్త్ర పరిశ్రమలో ప్రవేశించాడు. 1924లో అమెరికాకు వెళ్ళాడు. అక్కడ ఆయన తయారుచేసిన మొదటి ముఖ్యమైన పరికరం లూనోమీటరు. ఇది వస్త్రంలో అంగుళానికి ఎన్ని పోగులున్నవో చెప్పే కొలబద్ద.

పడుగు, పేకలలోని పోగులను భూతద్దంతో ఒక్కొక్కటిగా లెక్కించడం శ్రమతో కూడిన పని. కంటికి అలసట కలిగించడమే కాక లెక్క తప్పే అవకాశం కూడా ఎక్కువ. లూనోమీటరు పారదర్శకమైన పలక. దానిమీద అతి సన్నని గీతలు క్రమంగా మారే దూరాలతో గీయబడి ఉంటాయి. పలకను వస్త్రం మీద ఉంచినపుడు పోగుల వరుస, గీతల వరుస ఒకదానిపై ఒకటి పడి కంటికి నీడల వంటి ఆకారం కనిపిస్తుంది. ఆ ఆకారం పలకపై ఎక్కడ ఏర్పడుతుందో అక్కడి సంఖ్యయే పోగుల సంఖ్య. అనగా ఇందులో లెక్కించడమంటూ లేదు, చూసి చదువుకోవడమే.

ఒక్కొక్కటిగా వెదకే పనిని తప్పించి నేరుగా సమాధానం ఉన్న చోటికి చేరే మార్గం కోసం ప్రయత్నించడం లూన్ చేసిన పనులన్నింటిలోను కనిపించే లక్షణం. లూనోమీటరులో అది మొదటిసారి స్పష్టంగా కనిపిస్తుంది.

1920ల చివరి నుండి 1940ల ఆరంభం వరకు లూన్ స్వతంత్ర ఇంజనీరింగు సలహాదారుగా పనిచేస్తూ అనేక విషయాలలో పేటెంట్లు సంపాదించాడు. వీటిలో మడిచి పెట్టుకొనగల వాన కోటు వంటి నిత్యజీవిత వస్తువులు కూడా ఉన్నాయి. ఇంట్లో ఉన్న పానీయాలను బట్టి ఏయే మిశ్రమాలు తయారుచేయవచ్చునో చూపే పరికరం మరొకటి. ఇది వినోదం కోసం చేసినదే అయినా, కొన్ని లక్షణాలు ఇచ్చి వాటికి సరిపోయే అంశాలను రాబట్టడం అనే ఆలోచన ఇందులో ఉన్నది.

ఐ.బి.ఎం.లో ప్రవేశం

1941లో లూన్ ఐ.బి.ఎం. సంస్థలో సీనియర్ పరిశోధక ఇంజనీరుగా చేరాడు. అప్పటికి ఆయన వయసు 45 సంవత్సరాలు. ఆ కాలంలో ఐ.బి.ఎం. ముఖ్య వ్యాపారం పంచ్ కార్డుల యంత్రాలు. అట్టకార్డులపై నిర్ణీత స్థానాలలో రంధ్రాలు చేసి సమాచారాన్ని భద్రపరచడం, వాటిని యంత్రాలతో వేరుచేయడం, లెక్కకట్టడం ఆ యంత్రాల పని.

1947 ప్రాంతంలో జేమ్స్ పెర్రీ, మాల్కం డైసన్ అనే ఇద్దరు రసాయన శాస్త్రవేత్తలు ఐ.బి.ఎం. సహాయం కోరారు. రసాయన సమ్మేళనాలను సంకేతాలుగా వ్రాసి, వాటిలో కావలసిన లక్షణాలున్న వాటిని యంత్రంతో వెదకగలమా అన్నది వారి ప్రశ్న. ఈ పని లూన్‌కు అప్పగించబడింది. ఆయన జీవితం సమాచార అన్వేషణ వైపు మళ్ళినది ఈ సందర్భంలోనే.

ఆ ప్రశ్న ప్రాముఖ్యం తెలియాలంటే నాటి పరిస్థితిని గుర్తుంచుకోవాలి. రెండవ ప్రపంచ యుద్ధం ముగిసేనాటికి శాస్త్రీయ పత్రాల సంఖ్య విపరీతంగా పెరిగిపోయింది. పరిశోధకుడు తనకు కావలసిన ఫలితం ఎక్కడో ప్రచురింపబడిందని తెలిసినా దానిని కనుగొనలేని స్థితి ఏర్పడింది. తెలియక ఇతరులు చేసిన పనినే తిరిగి చేయవలసి వచ్చేది. అమెరికా శాస్త్రవేత్త వన్నెవర్ బుష్ 1945లో వ్రాసిన ప్రసిద్ధ వ్యాసం ఈ సమస్యనే చర్చించింది.

లూన్ దీనికి ఒక ఎలక్ట్రానిక్ యంత్రాన్ని రూపొందించాడు. ప్రశ్నను ఒక కార్డుగా తయారుచేసి, మిగిలిన కార్డులను దానితో పోల్చుతూ పంపితే సరిపోయినవి వేరుపడతాయి. ఇది లూన్ స్కానర్ అనే పేరుతో ప్రసిద్ధమైనది. అయితే ఈ యంత్రం కూడా అన్ని కార్డులను ఒకదాని తరువాత ఒకటి చూడవలసిందే. కార్డుల సంఖ్య పెరిగినకొద్దీ సమయం కూడా పెరుగుతుంది.

హ్యాషింగ్ ఆలోచన

1950ల ఆరంభంలో ఐ.బి.ఎం. ఎలక్ట్రానిక్ కంప్యూటర్ల నిర్మాణంలోకి దిగింది. కంప్యూటరు జ్ఞాపకశక్తిని వరుస సంఖ్యలు వేసిన అరలుగా ఊహించుకోవచ్చు. అర సంఖ్య తెలిస్తే అందులోనిది వెంటనే తీయవచ్చు. కాని మనుష్యులకు తెలిసేది పేరు మాత్రమే. పేరు నుండి అర సంఖ్యకు వెళ్ళడం ఎలా అన్నది సమస్య.

దీనికి అంతకు ముందు రెండు మార్గాలున్నాయి. మొదటిది, మొదటి అర నుండి వరుసగా చూసుకుంటూ పోవడం. లక్ష పేర్లుంటే ఒక్కొక్కప్పుడు లక్ష అరలూ చూడవలసి వస్తుంది. రెండవది, పేర్లను అకారాది క్రమంలో ఉంచి నిఘంటువు తెరచినట్లు మధ్యకు వెళ్ళి, కావలసిన పేరు ముందుదో వెనుకదో చూసి సగం సగంగా తగ్గించుకుంటూ పోవడం. ఇందులో లక్ష పేర్లకు సుమారు 17 పోలికలు చాలు. కాని కొత్త పేరు చేర్చవలసి వచ్చినపుడు క్రమం చెడకుండా మిగిలిన పేర్లను జరపవలసి ఉంటుంది.

1953 జనవరిలో లూన్ సంస్థ లోపలి వినియోగం కోసం వ్రాసిన ఒక పత్రంలో మూడవ మార్గాన్ని సూచించాడు. పేరు మీదనే, లేదా దానికి బదులుగా ఉన్న సంఖ్య మీదనే ఒక లెక్క చేసి, వచ్చిన ఫలితాన్ని అర సంఖ్యగా తీసుకోవాలి. పెట్టేటపుడు ఏ లెక్క చేస్తామో తీసేటపుడు కూడా అదే లెక్క చేస్తాము కనుక ఫలితం మారదు. వెదకవలసిన పని లేదు.

ఒక సరళమైన ఉదాహరణ తీసుకుందాము. ఒక పాఠశాలలో విద్యార్థి ప్రవేశ సంఖ్య 734218 అనుకుందాము. దానిని 73, 42, 18 అని జంటలుగా విడదీసి ప్రతి జంటలోని అంకెలను కూడితే 10, 6, 9 వస్తాయి. ప్రతి మొత్తంలో చివరి అంకెను మాత్రమే తీసుకుంటే 069 వస్తుంది. ఆ విద్యార్థి వివరాలు 69వ అరలో ఉంటాయి. ఈ విధంగా ఆరు అంకెల సంఖ్యలన్నీ వేయి అరలలో సర్దుకుంటాయి.

ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. 285136 అనే సంఖ్యకు ఇదే లెక్క చేస్తే 10, 6, 9 వచ్చి మళ్ళీ 69వ అరే వస్తుంది. ఆరు అంకెల సంఖ్యలు పది లక్షలు, అరలు వేయి కనుక ఇటువంటి సంఘర్షణ తప్పదు. లూన్ గొప్పతనం లెక్కను సూచించడంలో కంటె ఈ సంఘర్షణను పరిష్కరించడంలో ఎక్కువగా కనిపిస్తుంది. ఒకే అరకు వచ్చినవాటిని గొలుసుగా కలపమని ఆయన సూచించాడు. మొదటి వివరం పక్కన రెండవది ఎక్కడ ఉన్నదో వ్రాసి ఉంటుంది, రెండవదాని పక్కన మూడవది. అర తెరచిన తరువాత ఆ చిన్న గొలుసులో మాత్రమే చూస్తే చాలు. డోనాల్డ్ నూత్ తన ప్రసిద్ధ గ్రంథంలో, గొలుసు జాబితాల తొలి ఉపయోగాలలో ఇది ఒకటని పేర్కొన్నాడు.

ఈ పద్ధతికి ఆనాడు పేరు లేదు. లూన్ పత్రం ప్రచురింపబడలేదు. దాదాపు అదే కాలంలో ఐ.బి.ఎం.లోనే జీన్ ఆమ్డాల్, ఆర్థర్ శామ్యూల్ తదితరులు 701 కంప్యూటరు కోసం చేసిన పనిలో, అర నిండి ఉంటే పక్క అరకు జరిగే మరొక పరిష్కారాన్ని ఉపయోగించారు. సోవియట్ శాస్త్రవేత్త ఆండ్రీ యెర్షోవ్ 1957లో స్వతంత్రంగా అదే మార్గాన్ని కనుగొన్నాడు. ఈ విషయంపై బహిరంగంగా వెలువడిన తొలి వ్యాసం 1956లో ఆర్నాల్డ్ డ్యూమీ వ్రాసినది. హ్యాషింగ్ అనే మాట 1960ల చివరిలో గాని ముద్రణలోకి రాలేదు. ఆంగ్లంలో ఈ మాటకు ముక్కలుగా తరిగి కలగలపడం అని అర్థం. ఈ కారణాల వలన లూన్ పేరు ఈ ఆవిష్కరణతో సామాన్య పాఠకులలో ముడిపడలేదు.

వస్తుప్రధాన భాషలలో ఈ ఆలోచన

వస్తుప్రధాన ప్రోగ్రామింగును లూన్ చూడలేదు. ఓలె యోహాన్ డాల్, క్రిస్టెన్ నీగార్డ్ నార్వేలో రూపొందించిన సిమ్యులా 67 భాష లూన్ మరణించిన మూడేళ్ళకు వెలువడింది. కాని తరువాత వచ్చిన స్మాల్‌టాక్, సి++, జావా, పైథాన్, రూబీ వంటి భాషలన్నింటిలో కీ, విలువ అనే జంటలను భద్రపరచే వస్తువులు ఉన్నాయి. వీటిని మ్యాప్ అని, డిక్షనరీ అని పిలుస్తారు. ఇక్కడ మ్యాప్ అనగా దేశపటం కాదు, ప్రతి కీకి ఒక విలువను చూపే పట్టిక అని గ్రహించాలి. వీటిలో జావాలోని హ్యాష్‌మ్యాప్ సంఘర్షణలను గొలుసులతోనే పరిష్కరిస్తుంది. పైథాన్ డిక్షనరీ వేరే ఖాళీ అరను వెదకే పద్ధతిని అనుసరిస్తుంది.

లూన్ గొలుసులో కొత్త వివరం వచ్చినపుడే కొత్త చోటు కేటాయింపబడుతుంది. ముందుగా అన్నింటికీ చోటు కేటాయించి ఉంచవలసిన పని లేదు. దీనికి దగ్గరి ఆలోచనయే మ్యాప్‌లో విలువను అవసరమైనపుడే సృష్టించే పద్ధతి. ఒక వ్యాసంలో ఏ పదం ఏయే పుటలలో వచ్చిందో తెలిపే సూచిక తయారుచేయాలనుకుందాము. ప్రతి పదం ఒక కీ, ఆ పదానికి చెందిన పుటల జాబితా దాని విలువ. పదం మొదటిసారి ఎదురయినపుడు దానికి జాబితా ఉండదు. నిఘంటువులోని పదాలన్నింటికీ ముందుగానే ఖాళీ జాబితాలు తయారుచేయడం వృథా. పైగా వ్యాసంలో నిఘంటువుకు ఎక్కని పేర్లు కూడా ఉంటాయి. కనుక పదం కనిపించిన క్షణంలోనే, లేకపోతే సృష్టించి, ఉంటే ఉన్నదానిని తీసుకోవాలి. బడిలో విద్యార్థి చేరిననాడే హాజరు పట్టీలో అతని పేరు వ్రాయడం వంటిదే ఇది.

ఈ పనికి ప్రతి భాషలోను ఒక సౌకర్యం ఏర్పడింది. స్మాల్‌టాక్‌లో, లేకపోతే ఇది ఉంచు అని చెప్పే సందేశం డిక్షనరీకి పంపవచ్చు. పైథాన్‌లో సెట్‌డిఫాల్ట్, 2006లో వచ్చిన డిఫాల్ట్‌డిక్ట్ ఉన్నాయి. జావాలో 2014లో విడుదలయిన 8వ సంచికలో కంప్యూట్‌ఇఫ్‌ఆబ్సెంట్ అనే పద్ధతి చేరింది. దీనికి కీతో పాటు, విలువను తయారుచేసే సూత్రాన్ని కూడా ఇస్తాము. కీ లేనపుడు మాత్రమే ఆ సూత్రం అమలవుతుంది.

విద్యార్థులు ఇక్కడ గమనించవలసిన జాగ్రత్తలు కొన్ని ఉన్నాయి.

* సి++ మ్యాప్‌లో చదరపు కుండలీకరణాలతో లేని కీని అడిగితే చాలు, దానికి ఒక విలువ సృష్టింపబడుతుంది. కేవలం చూడాలనే ఉద్దేశంతో అడిగినా పట్టిక పెరిగిపోతుంది. పైథాన్ డిఫాల్ట్‌డిక్ట్‌లో కూడా ఇంతే.
* పైథాన్ సెట్‌డిఫాల్ట్‌కు ఇచ్చే విలువ, అవసరం ఉన్నా లేకపోయినా ముందుగానే తయారవుతుంది. దాని తయారీ ఖర్చుతో కూడినదైతే ప్రతిసారీ ఆ ఖర్చు వృథా అవుతుంది.
* రూబీలో హ్యాష్‌కు సూత్రాన్ని కాక ఒకే ఖాళీ జాబితాను ఇస్తే, లేని కీలన్నింటికీ ఆ ఒక్క జాబితాయే ఇవ్వబడుతుంది. ఒకరి ఖాతాలో వ్రాసినది అందరి ఖాతాలోను కనిపిస్తుంది.
* రెండు పనులు ఏకకాలంలో ఒకే మ్యాప్‌ను వాడుతున్నపుడు, రెండూ కీ లేదని చూసి రెండూ విలువను సృష్టించవచ్చు. అపుడు ఒకదాని పని పోతుంది. జావాలోని కాంకరెంట్‌హ్యాష్‌మ్యాప్‌లో కంప్యూట్‌ఇఫ్‌ఆబ్సెంట్ చూడడం, సృష్టించడం రెండింటినీ విడదీయరాని ఒకే పనిగా చేస్తుంది.

లూన్ సూత్రం

లూన్ సామాన్య ప్రజలకు తెలిసినది సంఖ్యల తనిఖీ సూత్రం వలన. పొడవైన సంఖ్యను చేతితో వ్రాసేటపుడు, టైపు చేసేటపుడు ఒక అంకె మారిపోవడం, పక్కపక్క అంకెలు తారుమారు కావడం సహజం. ఆ తప్పును వెంటనే పట్టుకొనే చిన్న చేతి యంత్రాన్ని లూన్ రూపొందించాడు. 1954 జనవరి 6న పేటెంటుకు దరఖాస్తు చేయగా 1960 ఆగష్టు 23న మంజూరయింది. అది విద్యుత్తు అవసరం లేని యాంత్రిక పరికరం.

సూత్రం ఇది. సంఖ్యను కుడి నుండి ఎడమకు తీసుకొని ఒక అంకె విడిచి ఒక అంకెను రెట్టింపు చేయాలి. రెట్టింపు చేసినపుడు రెండంకెల సంఖ్య వస్తే ఆ రెండింటినీ కూడాలి. అన్నింటి మొత్తం పదితో భాగింపబడేటట్లు చివర ఒక తనిఖీ అంకెను చేర్చాలి. ఉదాహరణకు 2584 అనే సంఖ్యలో కుడి చివరి 4 రెట్టింపై 8 అవుతుంది. 8 అలాగే ఉంటుంది. 5 రెట్టింపై 10, అనగా 1 అవుతుంది. 2 అలాగే ఉంటుంది. మొత్తం 19. దానిని 20 చేయడానికి 1 కావాలి. కనుక పూర్తి సంఖ్య 25841. పొరపాటున ఎవరైనా 25481 అని వ్రాస్తే మొత్తం 15 అవుతుంది. పదితో భాగింపబడదు కనుక తప్పు బయటపడుతుంది.

ఈ సూత్రం ఒక అంకె తప్పులన్నింటినీ పట్టుకుంటుంది. పక్కపక్క అంకెల తారుమారులలో 09, 90 తప్ప మిగిలినవన్నీ పట్టుకుంటుంది. బ్యాంకు కార్డుల సంఖ్యలకు, మొబైలు ఫోనుల ఐ.ఎం.ఇ.ఐ. సంఖ్యకు ఈ సూత్రమే వాడబడుతున్నది. మన దేశంలో ఆధార్ సంఖ్యకు మాత్రం 1969లో వెలువడిన వెర్‌హోఫ్ పద్ధతిని వాడతారు.

ఒక విషయం గుర్తుంచుకోవాలి. ఇది పొరపాట్లను పట్టుకోవడానికే గాని మోసాలను అరికట్టడానికి కాదు. సూత్రం అందరికీ తెలిసినదే కనుక దానికి సరిపోయే సంఖ్యను ఎవరైనా తయారుచేయగలరు. తనిఖీలో నెగ్గినంత మాత్రాన ఆ సంఖ్య గల కార్డు నిజంగా ఉన్నదని అర్థం కాదు.

యంత్రంతో సారాంశం, సూచికలు

1958 ఏప్రిల్‌లో లూన్ ఐ.బి.ఎం. పత్రికలో, వ్యాసాల సారాంశాన్ని యంత్రంతో తయారుచేయడం గురించి ఒక పత్రం ప్రకటించాడు. ఐ.బి.ఎం. 704 కంప్యూటరుతో ఈ ప్రయోగాలు జరిగాయి. యంత్రానికి అర్థం తెలియదు, లెక్క మాత్రమే తెలుసు. కనుక లూన్ పదాల లెక్కనే ఆధారం చేసుకున్నాడు. అతి తరచుగా వచ్చే సాధారణ పదాలను తీసివేయాలి. అతి అరుదుగా వచ్చేవాటిని కూడా విడిచిపెట్టాలి. మధ్యలో మిగిలినవి ముఖ్యమైన పదాలు. అవి ఒకదానికొకటి దగ్గరగా గుమికూడిన వాక్యాలే సారాంశానికి తగినవి. ఏడు పదాల గుంపులో నాలుగు ముఖ్యమైనవి ఉంటే, నాలుగు వర్గమైన 16ను 7తో భాగించి సుమారు 2.3 అని ఆ వాక్యానికి విలువ కడతారు. ఎక్కువ విలువ గల వాక్యాలను ఏరి వరుసగా ముద్రిస్తే అదే సారాంశం.

ఆంగ్లంలో ఒకే ధాతువు నుండి వచ్చిన రూపాలను వేరువేరుగా లెక్కించకుండా ఉండేందుకు, మొదటి అక్షరాలు కలిసిన పదాలను ఒకటిగా లెక్కించే ఏర్పాటు కూడా లూన్ చేసాడు. తెలుగు వంటి భాషలో ఈ సమస్య ఇంకా పెద్దది. పంట, పంటలు, పంటలో, పంటకు, పంటలనుండి అనేవి యంత్రానికి ఐదు వేరువేరు పదాలు. విభక్తులను విడదీయకుండా లెక్క కడితే ముఖ్యమైన పదం కూడా అరుదైనదిగా కనిపించి జారిపోతుంది.

అదే సంవత్సరం అక్టోబరులో ప్రకటించిన మరొక పత్రంలో, సంస్థకు వచ్చే పత్రాలను యంత్రమే చదివి, ఎవరికి ఏ విషయంలో ఆసక్తి ఉన్నదో వారికి తెలియజేసే ఏర్పాటును లూన్ వర్ణించాడు. ప్రతి ఉద్యోగి ఆసక్తులు పదాల పట్టికగా ఉంటాయి. కొత్త పత్రంలోని పదాలను ఆ పట్టికలతో పోల్చి, సరిపోయినవారికి సమాచారం పంపాలి. బిజినెస్ ఇంటెలిజెన్స్ అనే మాటను నేటి అర్థానికి దగ్గరగా వాడిన తొలి రచనలలో ఇది ఒకటి.

1958 నవంబరులో వాషింగ్టన్‌లో శాస్త్రీయ సమాచారంపై అంతర్జాతీయ సదస్సు జరిగింది. సందర్భ సహిత కీలకపదాల సూచికను లూన్ అక్కడ ప్రదర్శించాడు. ఆంగ్ల పొడి అక్షరాలను బట్టి దీనిని క్విక్ అంటారు. వ్యాసం శీర్షికలోని ప్రతి ముఖ్యపదాన్ని వంతులవారీగా మధ్యకు తెచ్చి అకారాది క్రమంలో ముద్రించడం ఇందులోని పద్ధతి. వరి పంటలో తెగుళ్ళ నివారణ అనే శీర్షిక ఉంటే అది వరి క్రింద, పంట క్రింద, తెగుళ్ళు క్రింద, నివారణ క్రింద నాలుగు చోట్ల కనిపిస్తుంది. ముందు వెనుక పదాలు కూడా ఉంటాయి కనుక సందర్భం తెలుస్తుంది. మన కావ్యాల చివర ఇచ్చే పద్యాల అకారాది సూచికలో పద్యం మొదలు తెలిస్తేనే ఉపయోగం. ఈ సూచికలో మధ్యలోని ఏ మాట తెలిసినా చాలు.

ఈ సూచికను అనుభవజ్ఞులైన సూచికకర్తల తెలివితో పోల్చలేము. కాని వారు నెలల తరబడి చేసే పనిని యంత్రం బహు తక్కువ కాలంలో చేయగలగడం ముఖ్యమైన మేలు. సమాచారం ఆలస్యంగా అందితే అది ఎంత చక్కగా సర్దినదైనా పరిశోధకునికి ఉపయోగపడదు. అమెరికన్ కెమికల్ సొసైటీ 1961లో ప్రారంభించిన కెమికల్ టైటిల్స్ అనే పత్రిక ఈ పద్ధతిలోనే వెలువడింది. రసాయన శాస్త్రవేత్తల ప్రశ్నతో మొదలయిన లూన్ కృషి ఆ విధంగా వారికే తిరిగి ఉపయోగపడింది.

చివరి రోజులు

లూన్ 1961లో ఐ.బి.ఎం. నుండి పదవీ విరమణ చేసాడు. ఆ తరువాత కూడా సమాచార శాస్త్ర రంగంలో కృషి కొనసాగించాడు. అమెరికన్ డాక్యుమెంటేషన్ ఇన్‌స్టిట్యూట్‌కు 1964లో అధ్యక్షుడుగా ఉన్నాడు. రక్త క్యాన్సరు వ్యాధితో 1964 ఆగష్టు 19న న్యూయార్కు రాష్ట్రంలోని ఆర్మాంక్‌లో మరణించాడు. అప్పటికి ఆయన వయసు 68 సంవత్సరాలు. అదే సంవత్సరం ఆ సంస్థ ఆయనకు మరణానంతరం ప్రతిభా పురస్కారం ప్రకటించింది. ఆయన ఎంపిక చేసిన రచనలు క్లెయిర్ షుల్ట్జ్ సంపాదకత్వంలో 1968లో గ్రంథంగా వెలువడ్డాయి.

ప్రాముఖ్యం

లూన్ పేరు నేడు ఎక్కువగా ఒక తనిఖీ అంకెకు పరిమితమయింది. కాని ఆయన అసలు ఆలోచన ఆయన పేరు లేకుండానే అంతటా వ్యాపించింది. నేడు కంప్యూటరులో పేరును బట్టి వివరం తీసే ప్రోగ్రాములలో అధిక భాగం ఏదో ఒక రూపంలో హ్యాషింగ్‌ను వాడుతున్నాయి. పదాల లెక్కతో పత్రాల విషయాన్ని గుర్తించే పద్ధతి తరువాతి శాస్త్రవేత్తల చేతిలో పెరిగి అంతర్జాల అన్వేషణకు దారి తీసిన మార్గాలలో ఒకటయింది.

ప్రచురింపబడని ఒక పత్రం వలన ఆవిష్కర్త పేరు మరుగున పడడం శాస్త్ర చరిత్రలో అరుదు కాదు. నూత్ వంటి చరిత్ర స్పృహ గల రచయితలు ఆ పత్రాన్ని పేర్కొనకపోతే, మ్యాప్‌ను నిత్యం వాడే విద్యార్థులకు దాని మొదలు బార్మెన్ పట్టణపు ముద్రాపకుని కుమారుని వద్ద ఉన్నదని తెలిసే అవకాశమే ఉండేది కాదు.

ఇవి కూడా చూడండి

* హ్యాష్ పట్టిక
* వస్తుప్రధాన ప్రోగ్రామింగు
* లూన్ సూత్రం
* డోనాల్డ్ నూత్
* గ్రంథాలయ శాస్త్రం